లేని ఊరి నుంచి ప్రత్యక్ష ప్రసారం

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



రేడియో స్టూడియోలోకి మొదటిసారి అడుగుపెట్టిన వాళ్లకు ముందుగా చెప్పేది ఒకటే. తలుపు మీద ఎర్రదీపం వెలిగిందంటే ఇక దగ్గకూడదు, కుర్చీ జరపకూడదు, కాగితం తిప్పినా చప్పుడు కాకూడదు. నేను రేడియో నాటకాల్లో చిన్నచిన్న పాత్రలు చదివే రోజుల్లో మాతోపాటు ఒక పెద్దావిడ ఉండేవారు. లోపలికి వచ్చే ముందు చేతి గాజులన్నీ పైకి తోసి, వాటి మీద రుమాలు బిగించి కట్టుకునేవారు. "నాది సన్యాసిని పాత్రమ్మా, గాజులు గలగలమంటే వినేవాళ్లేమనుకుంటారు?" అనేవారు.

ఆ గదిలో అడవి లేదు, ఏరు లేదు, కోట లేదు. కొబ్బరి చిప్పలు రెండు తాటిస్తే గుర్రం. రేకు ఊపితే ఉరుము. ఉన్నదల్లా నలుగురు మనుషులు, ఒక మైకు. అయినా వినేవాళ్ల ఇళ్లలో వాన కురిసేది. లేని చోటును ఉన్నట్టుగా ప్రసారం చేయటం మనకేమీ కొత్త కాదన్నమాట. కొత్త ఏమిటంటే, ఆ పని ఇప్పుడు మన ఇంట్లో పక్కగదిలో జరుగుతోంది. ఎర్రదీపం మాత్రం లేదు.

ఈ సంగతి నాకు తెలిసివచ్చింది మా చెల్లెలి ఇంట్లో. చెల్లెలికి కొడుకు కూతురు ఒకతె ఉంది, డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి కంప్యూటరు ముందు కూర్చుని, తలకు హెడ్‌ఫోన్ తగిలించుకుని తనలో తాను మాట్లాడుకుంటూ ఉంటుంది. మొదట్లో మా చెల్లెలు ఫోనులో స్నేహితురాళ్లతో కబుర్లు అనుకుంది. కాదు. ఆ పిల్ల మైన్‌క్రాఫ్ట్ అనే ఆటలో ఒక ఊరు కడుతోంది. కడుతూ ఉండగా ఆ కట్టడాన్ని వెబ్‌లో ప్రత్యక్ష ప్రసారం చేస్తోంది. ముప్పై నలభై మంది ఎక్కడెక్కడి వాళ్లో చూస్తూ ఉంటారు.

ఏ ఊరు కడుతోందంటారా? మా ఊరే. కృష్ణ ఒడ్డున ఉండేది. నది మీద ఆనకట్ట వచ్చినప్పుడు మునిగిన ఊళ్లలో అదొకటి. నలభై ఏళ్ల పైమాట. ఆ పిల్ల దాన్ని చూడలేదు, వాళ్ల నాన్న కూడా సరిగా ఎరగడు. విన్న మాటలతో, పాత పెళ్లి ఫోటోల వెనక కనిపించే గోడలతో కడుతోంది.

ఒక ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను. మర్నాడు అందరం తిరుపతికి ప్రయాణం. మా చెల్లెలు పులిహోరకు చింతపండు పిసుకుతూ వంటింట్లోంచే గట్టిగా కేకేసింది.

"ఏమే అమ్మీ, తాళంచెవి పక్కింటి వాళ్లకు ఇస్తివా లేదా? తెల్లారి నాలుగింటికే పోవాల. మూడు దినాలు ఇంట్లో పురుగు కూడా ఉండదు!"

లోపలి నుంచి పిల్ల పరుగెత్తుకొచ్చింది. మొహం ఎర్రబడి ఉంది. "అవ్వా! నేను లైవ్‌లో ఉన్నా! అందరూ విన్నారు!"

నేను వెళ్లి చూశాను. తెర మీద పక్కగా మాటలు వరసగా పైకి జరిగిపోతున్నాయి. ఎవరో ఒకరు అప్పటికే రాశారు: "లడ్డూలు మాక్కూడా తెండి." ఇంకొకరు, "ఇంతకీ మీ ఇల్లు ఏ కాలనీ?" అని. హాస్యానికే రాశారేమో. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది.

మా చెల్లెలు ఒప్పుకుంటుందా? "లైవో గైవో నాకు తెలీదు. ఇది నా ఇల్లు. నా ఇంట్లో నేను నోరు విప్పాలంటే నీ పర్మిషన్ కావాల్నా?" అంది. పిల్ల ఏడ్చింది. తాళాలు మార్చి, మా మరిదిగారిని ఇంట్లోనే కాపలా ఉంచి మేం తిరుపతి వెళ్లాం. కొండ మీద కూడా అవ్వా మనవరాలూ మాట్లాడుకోలేదు.

దర్శనం క్యూలో గంటల తరబడి నిలబడ్డాం గదా, పొద్దుపోక ఆ పిల్లనే అడిగాను, అసలు ఈ ప్రసారం ఎలా జరుగుతుందో చెప్పమని. ఆమె చెప్పింది కొంత, నేను తర్వాత చదివి తెలుసుకున్నది కొంత, మీతో చెబుతాను.

కంప్యూటరులోని ఊహాలోకంలో మనకొక రూపం ఉంటుంది. దాన్ని అవతార్ అంటారు. మాట మనదే, సముద్రాలు దాటి తిరిగి వచ్చింది. ఆ అవతారంతో నడుస్తాం, ఎగురుతాం, ఇటుక మీద ఇటుక పేరుస్తాం. మైన్‌క్రాఫ్ట్‌లో ఇటుక అంటే మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉన్న దిమ్మ. లోకమంతా ఆ దిమ్మలే. స్వీడన్‌లో మార్కస్ పెర్సన్ అనే ఆయన మొదలుపెట్టిన ఈ ఆట పూర్తి రూపంలో వచ్చింది 2011లో. 2014లో మైక్రోసాఫ్ట్ కంపెనీ దాన్ని రెండున్నర బిలియన్ డాలర్లకు కొనుక్కుంది. 2023 నాటికి 30 కోట్ల ప్రతులు అమ్ముడుపోయాయంటే, మన పిల్లలు ఒంటరిగా ఏమీ లేరు.

ఆ లోకంలోకి వెళ్లటం వేరు, దాన్ని వెబ్‌లో చూడటం వేరు. ఈ తేడా తెలిస్తే మిగతాదంతా తెలిసినట్టే. లోపలికి వెళ్లినవాళ్ల కంప్యూటరుకు బొమ్మ రాదు. "ఇక్కడ గోడ ఉంది, అక్కడ చెట్టు ఉంది, ఫలానా మనిషి ఎడమవైపు తిరిగాడు" అనే వివరాలు మాత్రమే వస్తాయి. వాటినిబట్టి ఎవరి కంప్యూటరు వాళ్లకు బొమ్మ గీసుకోవాలి. అంటే కొట్టునుంచి సామాను వచ్చిందన్నమాట, వంట మనం చేసుకోవాలి. అందుకు మంచి పొయ్యి కావాలి, అంటే ఖరీదైన కంప్యూటరు కావాలి. వెబ్‌లో చూసేవాళ్లకు అలా కాదు. ఒకరింట్లో వండినదాన్ని క్యారేజీలో పెట్టి పంపినట్టు, గీసిన బొమ్మే వస్తుంది. చేతిలో చిన్న ఫోను ఉంటే చాలు.

ఆ క్యారేజీ సర్దటంలో కిటుకు ఉంది. ప్రసారం చేసేవాళ్ల తెర మీది బొమ్మను ఒక ప్రోగ్రాము సెకనుకు ముప్పై సార్లో అరవై సార్లో పట్టుకుంటుంది. అన్ని బొమ్మలూ ఉన్నవి ఉన్నట్టు పంపితే ఏ ఇంటి ఇంటర్నెట్టూ చాలదు. అందుకని ముందు బొమ్మకూ తర్వాతి బొమ్మకూ ఏం మారిందో అదే ఎక్కువగా పంపుతారు. నిన్న వేసిన ముగ్గులో ఇవాళ మార్చిన గీతలు మాత్రం ఫోనులో చెప్పినట్టు. దానికి మైకులోని గొంతు కలిపి దూరాన ఉన్న పెద్ద కంప్యూటర్లకు పంపితే, అవి ఆ దృశ్యాన్ని పెద్ద తెరలకు ఒకలాగా, చిన్న ఫోన్లకు ఒకలాగా తయారుచేసి పంచుతాయి. ఈ తతంగం వల్ల చూసేవాళ్లకు కొన్ని సెకన్లు, ఒక్కోసారి అర నిమిషం దాకా ఆలస్యంగా చేరుతుంది. మా చెల్లెలి కేక కూడా అలా కాస్త ఆలస్యంగానే చేరి ఉంటుంది. చేరటం మాత్రం చేరింది.

ఇక్కడ ఒక మాట గమనించాలి. తెర మీద కనిపించేది ఊహాలోకం. గోడలు అబద్ధం, చెట్లు అబద్ధం. కానీ మైకు ఉన్నది ఆ లోకంలో కాదు, మన ఇంట్లో. దానికి పులిహోర వాసన పట్టదు గాని తక్కినవన్నీ పడతాయి. కుక్కరు కూత, పాలవాడి గంట, అత్తాకోడళ్ల మాటలు, ఫోనులో బ్యాంకు పేరు చెప్పి చదివే నంబర్లు, ఏవైనా సరే.

ఈ రకం ప్రసారాలు ఎప్పుడు మొదలయ్యాయని వెతికితే రేడియోనే ఎదురొచ్చింది. నాకు భలే సంతోషం వేసింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని లిండెన్ ల్యాబ్ అనే సంస్థ 2003లో 'సెకండ్ లైఫ్' అనే ఊహాలోకాన్ని జనానికి తెరిచింది. అందులో గెలుపోటములు లేవు. ఇల్లు కట్టుకోవచ్చు, దుకాణం పెట్టుకోవచ్చు, కచేరీ చేయవచ్చు. అక్కడి డబ్బును నిజం డాలర్లుగా మార్చుకోవచ్చు కూడా. 2006 ఆగస్టులో అమెరికాలో 'ది ఇన్ఫినిట్ మైండ్' అనే రేడియో కార్యక్రమం వాళ్లు ఆ లోకంలో ఒక సభ పెట్టారు. సుజాన్ వేగా అనే పేరున్న గాయని తన అవతారంతో వేదిక ఎక్కి పాడింది. ఆవిడ గొంతు నిజం, గిటారు నిజం. వేదిక, జనం మాత్రం బొమ్మలు.

అయితే ఆ లోకానికొక ఇబ్బంది ఉండేది. అక్కడ నేలను 256 మీటర్ల చదరాలుగా కోసి ఉంచారు. ఒక చదరంలో వందమంది చేరేసరికి కదలికలు మందగించేవి. పూర్తిగా బొమ్మ కట్టక, బట్టలు కనిపించక మనుషులు బూడిదరంగు బొమ్మల్లా నిలబడిపోయేవారు. పెళ్లి పందిట్లో చోటు చాలకపోతే ఏం చేస్తాం? బయట వీధిలో తెర కట్టి చూపిస్తాం. వాళ్లూ అదే చేశారు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో అకౌంటింగ్ బోధించే రాబర్ట్ బ్లూమ్‌ఫీల్డ్ అనే ప్రొఫెసర్ 2007లో 'మెటానామిక్స్' పేరుతో అక్కడ వారంవారం సంభాషణ కార్యక్రమం మొదలుపెట్టాడు. లోపలికి రాగలిగినవాళ్లు లోపల కూర్చునేవారు, రాలేనివాళ్లు వెబ్‌లో వీడియో చూసేవారు.

ఈ వీడియో తీసేదెవరు? అక్కడ నిజం కెమెరా ఉండదు గదా. ఒక మనిషి తన అవతారాన్ని ఒక మూల నిలబెట్టి, చూపును మాత్రం వేరుచేసి గాలిలో తిప్పుతాడు. తెరమీద ఆ చూపుకు కనిపించేదే కెమెరా బొమ్మ. ఉయ్యాల మీద కూర్చోకుండానే ఉయ్యాల ఊగే పని. చెయ్యి వణికితే లోకమంతా వణుకుతుంది, కాబట్టి ఇలాంటి వాళ్లు బాగా సాధన చేయాలి.

ఇక చేదు సంగతి. ఆ లోకంలో ఆన్షే చుంగ్ అనే పేరుతో ఒకావిడ నేలలు కొని, బాగుచేసి, అద్దెకిచ్చి పెద్ద వ్యాపారస్తురాలైంది. తన ఆస్తి విలువ పదిలక్షల డాలర్లు దాటిందని 2006 నవంబరులో ప్రకటించింది. మరుసటి నెలలోనే అక్కడి ఒక సభామందిరంలో జనం ముందు ఆవిడతో ఇంటర్వ్యూ జరుగుతుంటే, కొందరు పోకిరీలు ఆవిడ మీదికి అసభ్యమైన బొమ్మలు గుంపులు గుంపులుగా ఎగరేశారు. ఇంటర్వ్యూ ఆపి వేరే చోటికి మార్చుకోవలసి వచ్చింది. అంతటితో పోలేదు, ఆ దృశ్యాన్ని వీడియో తీసి వెబ్‌లో పెట్టారు. "బొమ్మ మీద బొమ్మలు విసిరారు, అందులో ఏముంది?" అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నడివీధిలో మన పేరు గోడమీద రాసి దానిమీద బురద చల్లితే అది గోడకే తగిలిందని ఊరుకుంటామా? చూసిన జనం నిజం, తలవంపులు నిజం. ఆ రోజు అక్కడ కూర్చున్నది ఆడది కాకపోతే అలాంటి బొమ్మలే ఎగిరేవా అని నా అనుమానం.

తర్వాత రోజుల్లో ఈ వ్యవహారం మరీ పెద్దదైపోయింది. ఆటలు ఆడుతూ ప్రసారం చేసేవాళ్ల కోసం ట్విచ్ అనే చోటు 2011లో వచ్చింది. మూడేళ్లకే అమెజాన్ దాన్ని సుమారు 97 కోట్ల డాలర్లకు కొంది. కరోనాతో లోకమంతా ఇళ్లలో కూర్చున్న 2020 ఏప్రిల్‌లో ట్రావిస్ స్కాట్ అనే గాయకుడి అవతారం ఫోర్ట్‌నైట్ అనే ఆటలో పాడితే, మొదటి ప్రదర్శనకు ఒకేసారి లోపల ఉన్నవాళ్లు కోటీ 23 లక్షల మంది. అందరినీ ఒకే మైదానంలో పెట్టలేరు గదా, మైదానానికే ఎన్నెన్నో నకళ్లు తీసి కొద్దికొద్దిమందిని ఒక్కో దాంట్లో పెట్టారు.

నాకు ఇంతకంటే నచ్చింది ఒక చిన్న కథ. ఇంగ్లండులో పని లేక ఇంట్లో కూర్చున్న ఇద్దరు నటులు, సామ్ క్రేన్, మార్క్ ఊస్టర్‌వీన్, తుపాకులు పేలుస్తూ కార్లు దొంగిలించే ఒక ఆటలో షేక్స్‌పియర్ 'హామ్లెట్' నాటకం వేయాలని పూనుకున్నారు. సంభాషణ మధ్యలో ఎవడో దారినపోయేవాడు వచ్చి కాల్చేసేవాడు. మళ్లీ మొదలు. ఆ ప్రయత్నమంతా 'గ్రాండ్ థెఫ్ట్ హామ్లెట్' అనే సినిమాగా 2024లో వచ్చింది. దానిని సామ్ క్రేన్‌తో కలిసి తీసింది ఆయన భార్య పిన్నీ గ్రిల్స్. ఆవిడ తానూ ఒక అవతారమెత్తి ఆటలోపలి నుంచే చిత్రీకరించింది. ఇంటినీ తననూ పట్టించుకోకుండా ఎప్పుడు చూసినా అక్కడే ఉంటున్నావని భర్తను ఆవిడ ఆ ఆటలోనే నిలదీసే ఘట్టం కూడా ఉంది. మన ఇళ్లలో జరగని సంగతా చెప్పండి?

సరే, మా ఇంటి తగవుకు వస్తాను. తిరుపతి నుంచి వచ్చాక ఇద్దరూ నన్ను మధ్యవర్తిగా పెట్టుకున్నారు. నా తీర్పు పిల్లకు నచ్చలేదు గాని ఉన్నమాటే చెప్పాను. తప్పు నీదే అన్నాను. స్టూడియో పెట్టుకున్నవాళ్లు తలుపు మీద దీపం కూడా పెట్టుకోవాలి. ఇంట్లో మనిషి తన ఇంట్లో మాట్లాడుకోవటం తప్పెలా అవుతుంది? లోపల ప్రసారం జరుగుతోందని ఆవిడకు కలలో తెలుస్తుందా?

పిల్ల ఆలోచించింది. మంచిదే, మొండిది కాదు. అలమారలో పడి ఉన్న దీపావళి సీరియల్ సెట్టులోంచి ఎర్ర బల్బులు నాలుగు విడదీసి తన గది గుమ్మానికి కట్టింది. ప్రసారం మొదలైతే స్విచ్ వేస్తుంది. అది వెలిగితే వంటింట్లో కేకలు బంద్. ఇంకా కొన్ని మార్పులు చేసింది. ఒక మీట నొక్కి పట్టుకున్నంతసేపే మైకు తెరుచుకునే ఏర్పాటు ఉంటుందట, అది పెట్టింది. అయిపోగానే ఆ ప్రసారం రికార్డింగు వెబ్‌లో అలాగే ఉండిపోతుందట, అది నాకు తెలియదు! ఆ ఆదివారం నాటి దాన్ని తీసేయించాం. ఊరు, కాలేజీ, కాలనీ పేర్లు అడిగేవాళ్ల మాటలు తెరమీదికి రాకుండా ఆపటానికి తన స్నేహితురాలిని కూర్చోబెట్టింది. మీ ఇళ్లలో ఇంకా చిన్నపిల్లలుంటే ఇంకొక సంగతి. యూట్యూబ్‌లో 2025 జూలై నుంచి 16 ఏళ్లు నిండనివాళ్లు పక్కన పెద్దవాళ్లు లేకుండా ప్రత్యక్ష ప్రసారం చేయకూడదని నియమం పెట్టారు. "అందరూ చేస్తున్నారమ్మా" అంటే ఈ మాట చెప్పండి.

మా చెల్లెలు మెత్తబడింది మాత్రం బల్బులు చూసి కాదు. తీసేయబోయే ముందు ఆ రికార్డింగు ఒకసారి చూద్దామని అందరం కూర్చున్నాం. తెర మీద ఊరు వస్తోంది. మట్టిరంగు దిమ్మలతో వీధి, నాపరాళ్ల అరుగులు, చివర గుడి. నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. మా చెల్లెలు కళ్లజోడు తెచ్చుకుని ముందుకు వంగింది.

"ఇదేందే? బావి గుడికి ఎడమపక్క పెట్టినావు? బావి కుడిపక్క గదా ఉండేది! గుడిమెట్లు తొమ్మిది. నువ్వు ఆరే పెట్టినావు."

"నాకేం తెలుసవ్వా? నాన్న అలాగే చెప్పాడు."

"మీ నాయన నీళ్లొచ్చినప్పుడు చంకలో పిల్లోడు. వాడికేం గుర్తు?"

ఆ తర్వాత ఆదివారం మా చెల్లెలు తలుపు బయట కాదు, లోపలే కూర్చుంది, మనవరాలి పక్కన, రెండో హెడ్‌ఫోన్ పెట్టుకుని. గాజులు పైకి తోసి రుమాలు కట్టుకోమని నేనే చెప్పాను. బావి కుడిపక్కకు మారింది. మెట్లు తొమ్మిదయ్యాయి. కుమ్మరి వీధి ఎక్కడ తిరుగుతుందో, జాతరకు రథం ఎక్కడ ఆగేదో ఆవిడ చెబుతుంటే పిల్ల దిమ్మలు పేరుస్తోంది. ఆ రోజు చూసినవాళ్లు నలభై కాదు, నూటపది మంది.

మధ్యలో ఒకరు రాశారు. అమెరికాలో డాలస్ నుంచట. "అవ్వా, రచ్చబండ దగ్గర వేపచెట్లు రెండు ఉండేవని మా తాత చెప్పేవాడు. ఒకటి గాలివానకు పడిపోయిందట. నిజమేనా?"

మా చెల్లెలు ఒక్క నిమిషం మాట్లాడలేదు. తర్వాత, "నిజమే నాయనా, రెండు ఉండె" అంది. వెంటనే ఆత్రంగా, "నువ్వు ఎవరి పిల్లోడివి? మీ తాత పేరేంది? ఏ వీధిలో మీ ఇల్లు?"

"అవ్వా," అంది పిల్ల మెల్లగా, "లైవ్‌లో పేర్లు అడగకూడదు."

మా చెల్లెలు గుమ్మం వైపు చూసింది. ఎర్ర బల్బులు వెలుగుతున్నాయి. చేత్తో నోరు మూసుకుని, మనవరాలికి సైగ చేసింది, రెండో వేపచెట్టు పెట్టమని.